ఏడు చుట్ల ముడి

పిల్లలూ, చెప్పే వరస ఎక్కడైనా తప్పుతానేమో, ముందే చెబుతున్నాను. ముందుది వెనక వచ్చినా నవ్వకండి. కథ ఎక్కడికీ పోదు.

అనగనగా ఒక అడవిలో, కొండ మీంచి దూకి వచ్చే వాగు ఒకటి ఉండేది. ఇవతలి ఒడ్డున అందరి ఇళ్ళు. అవతలి ఒడ్డున లేత గడ్డి, నేరేడు పళ్ళు. రెక్కలు లేనివాళ్ళ కోసం అందరూ కలిసి వంతెన కట్టాలనుకున్నారు. వాగు మీద రెండు లావు తీగలు లాగి, వాటి మీద మూడు వెదురు తడకలు పరవాలి.

అందరిలోకీ పెద్దది తాబేలు చిప్పమ్మ. ఆవిడ ఒకటే కట్టుబాటు పెట్టింది.

"ఎవరు కట్టినా సరే, మూడు చుట్లు, ఒక్క ముడి. కొస బయటికి కనబడాలి."

"ఎందుకు పెద్దమ్మా?" అని అడిగింది ఉడుత చారక్క.

"తీగ వానకి కుళ్ళుతుంది. అప్పుడు అక్కడ ఎవరుంటే వాళ్ళే విప్పి కట్టుకోవాలి. ముడి ముక్కుకీ అందాలి, పంటికీ అందాలి."

అందరూ సరేనన్నారు. గిజిగాడు సింగారం మాత్రం ముఖం పక్కకి తిప్పుకున్నాడు. అల్లికలో అతన్ని మించినవాడు ఆ అడవిలో లేడు. అతని గూడు గాలివానకి ఊగేదే కానీ ఊడేది కాదు. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు.

మధ్య తడక అల్లే పని అతని వంతుకొచ్చింది. ప్రతి ముడికీ ఏడు చుట్లు చుట్టాడు. తీగలో తీగ దూర్చాడు. కొసని లోపలెక్కడో దాచేశాడు. ముడి చూస్తే మల్లెమొగ్గలా ఉంది.

చారక్క వచ్చి చూసింది. "బాగుంది తమ్ముడూ. కొస ఏది?"

"కొస కనబడితే అందమేముంది అక్కా?"

ముగ్గురు పిల్లల తల్లి కుందేలు దూదమ్మ వచ్చింది. "ఇది విప్పడం నాకు రాదు నాయనా."

"నేను కట్టింది తెగదు. నీకు విప్పే పనేముంది?"

చివరికి చిప్పమ్మ బయలుదేరింది. ఆవిడ వచ్చేసరికి తడక పూర్తయిపోయింది. "నువ్వు లేని రోజున ఎవరు విప్పుతారురా?" అంది.

"నేనెక్కడికి పోతాను పెద్దమ్మా? ఈ చెట్టు మీదే కదా ఉండేది."

చారక్క ఆ తడకని మామూలు ముడులతో లావు తీగలకి కట్టింది. వంతెన నిలబడింది.

ఏడాది తిరిగింది. వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున దూదమ్మ పిల్లలు ముగ్గురూ మేతకి అవతలికి వెళ్ళారు. ఇంతలో కొండ మీద పెద్దవాన పడింది. వాగు పొంగింది. అదే సమయంలో మధ్య తడకలో తీగ కుళ్ళి, కర్రలు సగం జారిపోయాయి. గుమ్మడికాయ పట్టేంత కంత పడింది. అవతలి ఒడ్డు పల్లం. నీళ్ళు పిల్లల కాళ్ళ దాకా వచ్చాయి.

చారక్క పరుగున వెళ్ళి కొస కోసం వెతికింది. కింద చూసింది, పైన చూసింది. దొరకలేదు. దూదమ్మ పళ్ళతో కొరకబోయింది.

"ఆగు వదినా" అంది చారక్క. "అన్నీ ఒకదాన్లో ఒకటి దూర్చాడు. ఒకటి తెంపితే ఉన్నవీ రాలతాయి."

సింగారాన్ని పిలిచారు. "తప్పుకోండి" అంటూ వాలాడు. ముక్కు పెట్టాడు. మొదలు లోపలి నుంచా, బయటి నుంచా? మూడో చుట్టు ఎటు మళ్ళించాను? ఇటు లాగితే అటు బిగిసింది.

"నీ ముడే కదా?" అంది చారక్క.

"నాదే అక్కా. ఎలా వేశానో మరిచిపోయాను."

"నువ్వు లేని రోజున అన్నాను. నువ్వుండగానే ఆ రోజు వచ్చింది" అంది చిప్పమ్మ. "సరే, తిట్లు తరవాత. తడకనే తీసేయండి."

ఇవతలి రెండు మూలల ముడులు చారక్క, దూదమ్మ విప్పారు. అవతలి మూలలకి సింగారం ఎగిరాడు. చారక్క కట్టిన ముడి కొస బయటికి వేలాడుతోంది. ముక్కుతో ఒక్క లాగు లాగాడు. విడిపోయింది. ఇంకో లాగు. అదీ విడిపోయి, పాత తడక వాగులో పడింది. ఇంత సులువా అనుకున్నాడు.

ఒడ్డున అందరూ ఒకేసారి కొత్త తడకకి కూర్చున్నారు. మూడు చుట్లు, ఒక్క ముడి, కొస బయటికి. చిప్పమ్మ కూడా నోటితో ఒక ముడి వేసింది. ఏ ముడి ఎవరిదో చెప్పలేం. సింగారం వేసినవే ఎక్కువ. తడకని ఈడ్చుకెళ్ళి, వాన జోరెక్కే లోపే బిగించేశారు. పిల్లలు ముగ్గురూ గంతులేస్తూ దాటేశారు. చివరివాడి తోక మాత్రం తడిసింది.

సింగారం మెల్లగా అడిగాడు. "అందంగా అల్లడం మానేయమంటావా పెద్దమ్మా?"

"ఎందుకు మానడం? నీ గూట్లో నీ ఇష్టం. వంతెన మీద అందరి వాడుక."

పాత తడకలో గట్టిగా ఉన్న సగం ఒక రాయికి తట్టుకుని ఆగింది. సింగారం దాన్ని తెచ్చి కుందేలు పిల్లలకి ఉయ్యాల కట్టాడు. చెట్టుకొమ్మకి మాత్రం మూడు చుట్లతోనే కట్టాడు. ఆ ఏడు చుట్ల ముడులని ఇప్పటిదాకా విప్పినవాళ్ళు లేరు.

నీతి: నలుగురూ కలిసి చేసే పనిలో, నలుగురికీ తెలిసేలా చేయడమే అసలైన నేర్పు.

వైదేహీ, ఈ కథ పిల్లలకి చదివి వినిపించే ముందు, చిప్పమ్మ, చారక్క, దూదమ్మ, సింగారం అని పేర్లు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా రాశానో, మధ్యలో ఎక్కడైనా మార్చేశానో కాస్త చూసి పెట్టమ్మా.