ఎంగిలి చెయ్యి

డిసెంబరు సగానికొచ్చేసరికి తీతుకి మోకరించడం కష్టమైపోయింది. వంగితే పొట్ట అడ్డమొచ్చేది. కళ్లు మూసుకుంటే ప్రార్థన కంటే ముందు నిద్ర వచ్చేది.

తీతు, పాస్టరు జకర్యా అయ్యగారి శిష్యుడు. దేవుని సేవ నేర్చుకుందామని వచ్చి, ఆ పేటలో చర్చి పక్కనున్న పెంకుటింట్లో అయ్యగారితోనే ఉంటున్నాడు. పాట బాగా పాడతాడు. అతను గొంతెత్తితే పొలంలో కుప్ప నూర్చేవాళ్లు కూడా చేతులు ఆపి వినేవాళ్లు. అదంతా పోయిన నెల మాట.

ఇప్పుడు ఇంటింటికీ కాగితం నక్షత్రం వెలుగుతోంది. ఇంటింటా సెమీ క్రిస్మస్. పండగ ఇంకా రానేలేదు, పండగ భోజనాలు మాత్రం రోజూ వస్తున్నాయి. ఒకచోట కోడి పలావు, ఇంకోచోట పరమాన్నం, ఆ వెనకే కేకు, దాని వెనకే మళ్లీ పలావు. తీతు చొక్కాకి పట్టిన మసాలా వాసన ఉతికినా పోవడంలేదు.

ఆరోజు మధ్యాహ్నం ఓ ఇంట్లో అలాగే తిని, సమేలు తాత దగ్గరికి వెళ్లాడు. తాతకి పక్షవాతం. మంచంలో ఉండి ఉండి మంచంలాగే అయిపోయాడు.

"పాట పాడు నాయనా. నీ పాట వింటే లేచి తిరిగినట్టుంటది" అన్నాడు తాత.

తీతు మొదలుపెట్టాడు. పల్లవి దాటకముందే ఊపిరి అందలేదు. చరణం ఎత్తుకోబోతే పెద్ద తేన్పు వచ్చింది.

తాత విసుక్కోలేదు. వంకరపోయిన నోటితోనే నవ్వి, "పోన్లే, అలిసిపోయావు. నువ్వూ కాసేపు నడుం వాల్చు" అన్నాడు.

తిట్టినా బాగుండేది అనుకున్నాడు తీతు.

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "అయ్యగారూ, ఇంక నావల్ల కాదు. రేపట్నుంచి ఎవరింట్లోనూ తినను."

అయ్యగారు పాత చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నారు. తలెత్తకుండానే, "ఆ మాటే వాళ్లతో చెప్పు" అన్నారు.

"ఎట్టా చెప్పనండీ? పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గర మాడిపోయి వండుతారు. వద్దంటే మొహం చిన్నబోద్ది. సరేనంటే ఇంకో గరిటె పడద్ది. మీకైతే షుగరని వదిలేస్తారు. నాకేం వంక ఉంది?"

"నాకు షుగరుందా?"

"లేదా? పేటంతా అనుకుంటున్నారే!"

"తక్కువ తినేవాడికి ఏదో ఒక రోగం ఉండాలిగా మరి" అని అయ్యగారు దారం కొరికారు. "రేపు సమేలు ఇంట్లోనే సెమీ క్రిస్మస్. భోజనం అయ్యాక తాతకి పాడాలి నువ్వు."

తీతు నిటారుగా కూర్చున్నాడు. "తాత పండగదాకా ఉండడంటున్నారండీ."

"అందుకేగా పాడమంటున్నాడు."

మర్నాడు పొద్దుగూకే వేళ. మంచు అప్పుడే దిగుతోంది. వీధిలో నక్షత్రాలన్నీ నీళ్లలో ఉన్నట్టు కనపడుతున్నాయి. సమేలు కోడలు ఎలీశమ్మ చాప పరిచి పళ్లేలు పెట్టింది. మొగుడు లారీ మీద పోయి ఇంకా రాలేదు. వంటా, వడ్డనా, మామకి పక్క మార్చడమూ అన్నీ ఆమే. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. ఆమె నవ్వినప్పుడు అలసట ఇంకా ఎక్కువ కనపడుతోంది.

అయ్యగారు చిన్న ప్రార్థన చేసి, నాలుగు ముద్దలు తిని లేచి చెయ్యి కడుక్కున్నారు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. షుగరు కదా.

తీతు పళ్లెంలో పలావు గుట్ట సగం కరిగేసరికి ఎలీశమ్మ గరిటెతో వచ్చింది.

"చాలక్కా."

"ఏం చాలు? రాళ్లు తిని అరాయించుకునే వయసు నీది. చాలంటే నా వంట బాగోలేదనుకుంటా తమ్ముడూ."

తీతు మంచం వైపు చూశాడు. తాత ఇటే మొహం తిప్పుకుని, పాట కోసం ఎదురుచూస్తున్నాడు. గరిటె పళ్లెం మీదికి వంగుతోంది.

"ఎలీశమ్మా" అన్నారు అయ్యగారు. "నువ్వు తిన్నావా?"

గరిటె గాల్లో ఆగింది. "నాదేముందండీ. మీరంతా అయ్యాక."

"పొద్దున?"

"టీ తాగా."

అయ్యగారు వచ్చి ఆమె చేతిలోంచి మెల్లగా గరిటె తీసుకున్నారు. ఇంకో పళ్లెం తీసి తీతు పక్కన పెట్టి, అందులో పలావు వడ్డించారు.

"అయ్యయ్యో, మీరు వడ్డించడమేందండీ! పాపం చుట్టుకుంటది."

"చుట్టుకోనీ. కూర్చో."

ఆమె తన ఇంట్లోనే చుట్టంలాగా చాప అంచున కూర్చుంది. సిగ్గుపడుతూ ఒక ముద్ద తింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత తల ఎత్తలేదు. అంత ఆకలి మీద ఉన్న మనిషి ఇందాకటిదాకా నవ్వుతూ ఎలా నిలబడిందో తీతుకి అర్థం కాలేదు. ఆమె పక్కన తనూ నెమ్మదిగా తిన్నాడు. పలావులో పుదీనా ఉందని అప్పుడు తెలిసింది. ఈ నెలంతా తిన్నదాంట్లో అతనికి రుచి తెలిసిన ముద్ద అదే.

అతని పళ్లెం ఖాళీ అవడం చూసి ఎలీశమ్మ ఉలిక్కిపడింది. "అయ్యో తమ్ముడూ!" అంటూ గరిటె కోసం చెయ్యి చాపింది. చెయ్యి సగంలో ఆగిపోయింది. మెతుకులంటిన తన వేళ్లు తనే చూసుకుంది.

"నా మతి మండ! చెయ్యి ఎంగిలైందిగా!"

మంచం మీంచి తాత కిచకిచమని నవ్వాడు. ఆమె కూడా నవ్వేసింది. "మీరన్నా వెయ్యండి అయ్యగారూ."

అయ్యగారు గిన్నె మీద మూత పెట్టేసి, గుమ్మంలో నక్షత్రం కేసి చూస్తున్నారు.

తీతు లేచి చెయ్యి కడుక్కున్నాడు. మంచం పక్కన మోకరించాడు. పాట మొదట్లో కొంచెం బొంగురుగానే వచ్చింది. తర్వాత దారి దొరికించుకుంది. తాత బాగున్న చేత్తో మంచం పట్టె మీద తాళం వేశాడు. ఈ వేళకి ఎప్పుడూ గిన్నెల దగ్గర ఉండే ఎలీశమ్మ, ఎండిపోతున్న ఎంగిలి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, చివరి చరణందాకా అక్కడే కూర్చుని వింది.

బయటికొచ్చేసరికి ఇద్దరికీ కాళ్లు లాగుతున్నాయి. నాలుగడుగులు వేశారో లేదో పక్కింటి గుమ్మంలోంచి రూతు వదిన పిలిచింది. చేతిలో గరిటె.

"ఏం తీతూ, అందరిళ్లలో తిని మా గడప దాటిపోతావా? ఇయ్యాల ఒక్క ముద్దన్నా తినకపోతే ఊరుకోను!"

తీతు అయ్యగారి వైపు చూశాడు.

"నాకు షుగరటగా" అని అయ్యగారు మంచులోకి నడిచిపోయారు.

తీతు చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. పొయ్యి ఇంకా వెచ్చగా ఉంది. వదిన కళ్లు పొగకి ఎర్రబడి ఉన్నాయి. పళ్లెం పెట్టి, గరిటె ఎత్తింది.

తీతు చెయ్యి చాపాడు.

"ఆ గరిటె ఇటివ్వు వదినా. ముందు నీ చెయ్యి ఎంగిలి కానీ."