చాప కింద పరుపు

అమ్మకి పరుపు కొనాలి. ఎంతలో కొనాలన్నదే ఇందుమతికి తేలడం లేదు.

డబ్బు లేక కాదు. ఆమె కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాక ఆశ్రమంలో చేరింది. పెన్షన్ వస్తుంది, సొంత ఖర్చంటూ లేదు. ఆశ్రమానికి కందిపప్పు దగ్గర్నుంచి గోడల సున్నం దాకా ఆమె చేతి మీదుగానే కొంటారు. సరుకు తెలుసు, బేరం తెలుసు. అలాంటి మనిషి ఒక్క పరుపు దగ్గర ఆగిపోయింది.

కారణం చాప.

పార్వతీపురం దాటాక కొండవాలులో ఉంది ఆ ఆశ్రమం. దాన్ని మొదలుపెట్టిన పెద్దగురువుగారు బతికినంతకాలం తుంగచాప మీదే పడుకున్నారు. ఆయన పోయాక ఆ చాపని పట్టుగుడ్డలో చుట్టి దాచారు. ఏటా ఆరాధన రోజున దాన్ని తలకెత్తుకుని ఊరేగిస్తారు. తల్లులు పిల్లల్ని దాని కిందనుంచి దాటిస్తారు. దాటితే పీడకలలు రావని నమ్మకం.

అప్పట్నుంచి ఆశ్రమంలో అందరూ చాప మీదే పడుకోవాలి. ఎవరి చాప ఎంత చిరిగితే వాళ్లకంత గౌరవం. కొత్త చాపని నాపరాయికేసి రుద్ది పాతది చేసుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఇందుమతి తన కళ్లతో చూసింది.

ఇప్పటి గురువు రాజ్యమ్మ. అందరూ అమ్మ అనే పిలుస్తారు. డెబ్బై దాటిన మనిషి. వానాకాలంలో బావి గట్టు మీద జారిపడింది. ఆనాటి నుంచి నేల మీద నడుం వాల్చలేకపోతోంది. గోడకి చేరగిలబడి తెల్లవారుస్తోంది. పొద్దున్నే పాఠం చెబుతూ వాక్యం మధ్యలో ఆగి, ఏం చెబుతున్నానని శిష్యుల్నే అడుగుతోంది. ఇలాగే నేల మీద పడుకుంటే చలికాలం వెళ్లేసరికి లేచి నిలబడలేదని డాక్టరు చెప్పేశాడు.

ఇందుమతి ఈ సంగతి అందరిలో పెట్టింది. అక్కణ్నుంచి మొదలైంది.

ఆశ్రమంలో అందరికన్నా పాతవాడు తవిటినాయుడు. కుర్రతనంలో పెద్దగురువుగారి కాళ్లు పట్టిన మనిషి. ఊరేగింపులో చాప మోసే తల ఆయనదే. పరుపు మాట వినగానే ఆయన, అయితే రేపు ఆరాధనకి నన్ను పరుపు మొయ్యమంటారా మేడమ్ అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇందుమతికి నవ్వు రాలేదు.

తప్పనిసరైతే సంతలో దొరికే పల్చటి దూదిపరుపు చాలని ఒకరన్నారు. గురువుకి చవకబారు సరుకు కొంటే శిష్యులకి సిగ్గుచేటని విశాఖపట్నం నుంచి ఒక భక్తురాలు ఫోన్ చేసింది. ఖరీదైనది కొంటే సన్యాసులకి సుఖాలు ముదిరాయంటారని మరొకరు హెచ్చరించారు. ఇందుమతి ఏ ధర అనుకున్నా ఎవరో ఒకరి మొహం ఎదురుగా వచ్చి నిలబడేది.

చివరికి ఆమెకో ఉపాయం తట్టింది. ఖరీదు కానిది, మరీ చవక కానిది, మందం లేని పరుపొకటి కొంది. బజార్లో కుట్టుపనివాడి దగ్గర కూర్చుని, దానిపైన తుంగచాప వేయించి చుట్టూ అంచులు కుట్టించింది. పైనుంచి చూస్తే చాపే. తవిటినాయుడు వచ్చి చూశాడు. వంగి ఒక మూల వేలితో నొక్కాడు. చెయ్యి దులుపుకుని వెళ్లిపోయాడు. గండం గడిచిందనుకుంది ఇందుమతి.

ఆ రాత్రి అమ్మ దాని మీద పడుకుంది. నిద్ర మాత్రం రాలేదు. ఆ పల్చటి పరుపు నేల గట్టితనాన్ని ఆపలేకపోయింది. పై చాప దాని మెత్తదనాన్ని ఒంటికి తగలనివ్వలేదు.

వారం తిరక్కుండా ఒక పొద్దున అమ్మ పాఠం మధ్యలో ఆపి ఇందుమతిని పిలిచింది. పక్క దగ్గరికి తీసుకెళ్లి అంచు ఎత్తింది. కుట్లు వేలితో తడిమింది.

"ఇదేమిటి ఇందూ?"

"పరుపమ్మా."

"పైన?"

"చాప."

"రెండూ ఎందుకు?"

ఇందుమతి అబద్ధం ఆడే మనిషి కాదు. "పరుపు మీకు. చాప వచ్చిపోయేవాళ్లకి."

"వాళ్లు దీని మీద పడుకుంటారా?"

వెనక కూర్చున్నవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇందుమతికి మొహం వేడెక్కింది. అంతకాలం నోట్లో నొక్కిపెట్టినదంతా ఒక్కసారి బయటికొచ్చింది. తక్కువలో కొంటే ఒకరికి చిన్నతనం, ఎక్కువలో కొంటే మరొకరికి అపచారం, మధ్యలో కొంటే మీకు నిద్ర లేదు, నేనేం చెయ్యాలి అంది. గొంతు తగ్గించుకోలేదు.

"మీరే చెప్పండమ్మా. గురువుకి పరుపు ఎంతలో కొనాలి?"

అమ్మ ఎత్తిన అంచు కిందికి వదిలేసింది.

"నా చెప్పులెక్కడున్నాయో చూడు," అంది.

ఆ రోజు పార్వతీపురం సంత. అమ్మ ఆశ్రమం గేటు దాటి ఏళ్లయింది. ఆటో దిగి, ఇందుమతి భుజం పట్టుకుని ఆమె పరుపుల కొట్టు మెట్లెక్కుతుంటే, ఉల్లిపాయల రాశి దగ్గర బేరాలు ఆగిపోయాయి. కొట్టు యజమాని నరసింగరావు కంగారుగా లేచి కుర్చీ తుడిచాడు.

అమ్మ కూర్చోలేదు. పరుపులు చూపించమంది.

పరుపు కొనడానికి వచ్చినవాళ్లు అరచేత్తో నొక్కి చూస్తారు. మహా అయితే అంచున కూర్చుని లేస్తారు. అమ్మ అలా చెయ్యలేదు. మొదటి పరుపు మీద వెల్లకిలా పడుకుంది. ఇందుమతి చెయ్యి పట్టుకుని లేచి, రెండోదాని మీద పడుకుంది. మూడోది ఫోమ్‌ది. అందులో సగం దిగబడిపోయి, "ఇందులోంచి బయటికి రావాలంటే మళ్లీ జన్మెత్తాలి," అని చెయ్యి చాపింది.

నరసింగరావు లోపలి వరసలోకి తీసుకెళ్లాడు. అక్కడ కొబ్బరిపీచు మీద రబ్బరు పరిచి కుట్టిన పరుపొకటి ఉంది. కొట్లో అన్నిటికన్నా ఖరీదైనది అదేనని ఇందుమతికి చూడగానే అర్థమైంది. మధ్యతరం సరుకు అటువైపుందని చెప్పబోయింది. అప్పటికే అమ్మ నరసింగరావుతో ప్లాస్టిక్ తీసెయ్యి నాయనా, చప్పుడుకి నిద్రపట్టదు అంటోంది.

అతను ఇందుమతి మొహం చూశాడు. అతను ప్లాస్టిక్ తీశాడు.

అమ్మ ఒత్తిగిలి పడుకుంది. చెయ్యి చెంపకింద పెట్టుకుంది. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అని ఇందుమతి చూస్తూ నిలబడింది. అమ్మ లేవలేదు. ఇంకాసేపటికి గురక వినిపించింది.

గుమ్మం దగ్గర జనం పోగయ్యారు. బుట్టలు దించి మరీ చూస్తున్నారు. కొండ మీది ఆశ్రమం అమ్మగారు కాబోలు కొట్లో పడుకున్నారని ఎవరో వెనకవాళ్లకి చెబుతున్నారు. ఇందుమతికి ఆ క్షణాన నేల బద్దలై తనని మింగేస్తే బాగుండుననిపించింది. సీలింగ్ ఫ్యాను కేసి చూసింది. గోడ మీది క్యాలెండరు చూసింది. చూడ్డానికి ఇంకేమీ మిగలక అమ్మని చూసింది.

కనుబొమల మధ్య ముడి లేదు. వానాకాలం నుంచి ఆ మొహంలో చూస్తున్న ముడి అది. నోరు కొంచెం తెరుచుకుంది. చీర అంచు మీద లాలాజలం చుక్క పడింది.

ఇందుమతి ఒక స్టూలు లాక్కుని, గుమ్మానికీ పరుపుకీ మధ్య వేసుకుని కూర్చుంది.

ఒకాయన ఫోటో తియ్యడానికి ఫోన్ పైకెత్తాడు. ఎత్తినవాడే తడబడి దించబోయాడు.

"తియ్యండి," అంది ఇందుమతి. "చప్పుడు రాకుండా తియ్యండి."

కబురెలా చేరిందో, తవిటినాయుడు సైకిలు మీద వచ్చాడు. జనాన్ని తోసుకుని మెట్లెక్కాడు. ఆయాసపడుతున్నాడు.

"లేపండి మేడమ్. సంతంతా చూస్తోంది."

"నెమ్మదిగా. అమ్మ నిద్రపోతోంది."

"ఆరాధన రోజున ఇదే వీధిలో చాప తలకెత్తుకుని నడవాలి నేను. ఏం మొహం పెట్టుకుని నడవను?" ఆయన గొంతు పెరిగింది. పెద్దగురువుగారి పేరు ఎత్తాడు. ఆశ్రమం పేరు ఎత్తాడు. కాలేజీ చదువులవాళ్లని లోపలికి రానిచ్చినప్పుడే అనుకున్నానన్నాడు.

ఇందుమతి స్టూలు మీంచి లేవలేదు.

"నాయుడుగారూ, ఆ చాప మీద పెద్దగురువుగారికి నిద్రపట్టేదా?"

ఆయన తెల్లబోయాడు. ఆ సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే.

"పట్టకేం? తల ఆనిస్తే చాలు. నేను కాళ్లు పడుతుండగానే..."

మాట అక్కడ ఆగింది. గురక వినిపిస్తూనే ఉంది. తవిటినాయుడు ఇందుమతి భుజం మీంచి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియదు. మెట్లు దిగి, సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చాక అమ్మ లేచింది. తనంతట తనే లేచి కూర్చుంది. మంచినీళ్లు అడిగి తాగింది.

"ఎవరో అరిచినట్టున్నారు."

"నాయుడుగారమ్మా."

"ఏమన్నాడు?"

ఇందుమతి మంచినీళ్ల గ్లాసు అందుకుంది.

"మీ గురకలో ఆయన మాటలు సగమే వినబడ్డాయమ్మా."

"అయితే మంచి పరుపే," అంది అమ్మ. కాలితో చెప్పులు వెతుక్కుంది.

ఇందుమతి నరసింగరావుతో బేరం మాత్రం మానలేదు. దిగవలసినంత దిగాక డబ్బిచ్చి, పరుపుని ఆటో మీద కట్టించమంది. అతను తాళ్లతో పాటు ఒక పాత దుప్పటి కూడా తెచ్చాడు. బయటి జనాన్ని ఒకసారి చూసి, గొంతు తగ్గించి, పైన ఇది కప్పమంటారా మేడమ్ అని అడిగాడు.

"వద్దు," అంది ఇందుమతి. "ఒకసారి కప్పి చూశాను."