జాజిగౌరి వ్రతము: పదకొండవ దీపము

వ్రతము ముగించిన వారందరు అక్షతలు చేతబట్టి, మాటలు మాని, మనసు నిలిపి వినుడు.

పూర్వమొకప్పుడు వల్కలాయన మహాముని తన ఆశ్రమమున కూర్చుండియుండగా, ధూమ్రకేశుడను ముని వచ్చి నమస్కరించి ఇట్లడిగెను. "మహాత్మా, మనుష్యులు తమకు పనికిరాదని తోచినదానిని తిట్టుదురు, తరుముదురు, నరుకుదురు. అది ఏమో తెలిసిననాడు నోట మాట రాక నిలువునా కొయ్యబారుదురు. అట్టివారు గట్టెక్కు దారి కలదా?" అందులకు వల్కలాయనుడు, "జాజిగౌరి వ్రతమని యొకటి కలదు. దానిని తప్పి చెడినదియు, చేసి బాగుపడినదియు ఒక్కతెయే. ఆమె కథ చెప్పెదను" అని ఇట్లు చెప్పదొడగెను.

సముద్రమునకు ఆమడ దూరమున, కొబ్బరితోటల నడుమ తొండవరమను ఊరు ఉండెను. ఆ ఊర కామిశెట్టి అను సుగంధద్రవ్యముల వర్తకుడు నివసించెను. అతని భార్య పేరిందేవి. ఆమెకు చేతిలో పని, నోటిలో మాట, రెండును చురుకే. ముగ్గురు కొడుకుల తల్లి. కామిశెట్టి తమ్ముడు రంగశెట్టియు, అతని ఇల్లాలు మాణిక్యాంబయు ఆ ఇంటనే యుండిరి. మాణిక్యాంబకు పెండ్లియై పండ్రెండేండ్లయినను కడుపు పండలేదు.

ఆ ఇంటి పెరటిలో, కొబ్బరిచెట్ల నీడన, పదకొండు జాజికాయ చెట్లు ఉండెను. కామిశెట్టి తల్లి కోడలిగా వచ్చిన యేట ఓడవర్తకుల వద్ద మొక్కలు తీసికొని నాటినవి. ఏ కాలమున చూచినను పచ్చగా నుండును. ఆకు నలిపిన వాసన. లేతపసుపు కాయ పండి రెండుగా పగిలినంతనే లోపల ఎర్రని జాపత్రి, దాని లోపల నల్లని పెంకు, ఆ పెంకులో జాజికాయ. తొక్క ఊరగాయకు, జాపత్రి పరమాన్నమునకు, జాజికాయ తాంబూలమునకు. పసిబిడ్డకు కడుపునొప్పి వచ్చినచో ఊరివారందరు సానరాయి మీద అరగదీయుటకై ఆ ఇంటికే వచ్చుచుండిరి. ఇంటి ధాన్యము, బంగారము, పరువు అన్నియు ఆ చెట్లవే.

అత్తగారు కన్నుమూయుచు పేరిందేవిని చేరబిలిచి, "శ్రావణ శుక్రవారం నాడు జాజిగౌరి వ్రతం చేసి, ప్రతి చెట్టు మొదట్లోనూ దీపం పెట్టవే అమ్మా. కాసేదానికీ పెట్టు, కాయనిదానికీ పెట్టు. మొదటి తాంబూలం ఎవ్వరూ పేరంటానికి పిలవని ఆడదానికియ్యి" అని చెప్పెను.

పేరిందేవి మొదటి యేట పదకొండు దీపములు పెట్టెను. మరుసటి యేట ఈశాన్యమూలనున్న చెట్టును విడిచెను. ఆ చెట్టు తక్కినవానికన్న ఏపుగా పెరిగి గుత్తులు గుత్తులుగా పూయును గాని, ఒక్క కాయయు కాయదు. మాణిక్యాంబ మాత్రము దానిక్రింద తన చేతి దీపము పెట్టుచుండెను. అది చూచి పేరిందేవి, "గొడ్డుచెట్టుకి గొడ్డురాలు దీపం పెట్టిందిట, చాలు సంబరం!" అని పేరంటాండ్ర నడుమ నవ్వెను. మాణిక్యాంబ తల వంచుకొని లోనికి పోయెను. మొదటి తాంబూలము ఆమెకు ఏనాడును అందలేదు.

అంతట పెద్దకొడుకునకు పెండ్లి కుదిరెను. పందిరికి చోటు చాలదని పేరిందేవి ఆ చెట్టును కొట్టింప నిశ్చయించి వడ్రంగి వీరభద్రాచారిని పిలిపించెను. అతడు చెట్టుచుట్టు తిరిగి చూచి, "పూతమీదున్న చెట్టండీ అమ్మగారూ. ఇంత పూత ఊరికే పూస్తుందంటారా? ఒక్క యేడాది ఆగండి" అనెను.

"ఇరవయ్యేళ్లుగా చూస్తున్నాను. పూసి ఎవరికి లాభం? కొట్టవయ్యా!" అని ఆమె గద్దించెను.

గొడ్డలి మొదటి వేటు పడగానే బెరడు చీలి ఎర్రని రసము బొటబొట కారెను. ఆచారి చేతిలోని గొడ్డలి జారి నేలబడెను. బిందెలతో వచ్చుచున్న స్త్రీలు ఎక్కడివారక్కడ నిలిచిపోయిరి. "అమ్మో, నెత్తురు!" అని ఎవరో అరచిరి. పేరిందేవి పదిమందిలో మాట వెనుకకు తీసికొనుట నామోషీయని, "చెట్టు పసరు! కానియ్" అనెను. చెట్టు కూలెను. ఊరంతయు ఘుమ్మున వాసన క్రమ్మెను. ఆ పూట ఆ ఇంట ఎవరికిని అన్నము సయించలేదు.

మాణిక్యాంబ పరుగున వచ్చి ఎర్రబారిన మోడును చూచి, "అక్కా! అదేం తిన్నది నీ సొమ్ము? నిలబడ్డానికి జానెడు నేల, అంతేగా!" అనెను. తక్కిన చెట్లక్రింద అప్పుడే పగిలిపడిన కాయల గింజలను కొంగున మూటగట్టుకొని, మాణిక్యాంబ భర్తతో ఏటి అవతలనున్న పుట్టింటికి పోయెను. ఉండుమని ఎవరును అనలేదు.

చెట్లనున్న కాయలు ఆ యేటికి దిగినవి. మరుసటి యేట పది చెట్లును పూచినట్లే పూచి, ఒక్క పిందెయు కట్టక, పూతంతయు నేల రాల్చెను. ఆ మీది యేడును అంతియే. పడవలవారు తొండవరము రేవున ఆగక సాగిపోయిరి. కొట్టు మూతబడెను. కామిశెట్టి దిగులుతో మంచము పట్టెను. పేరిందేవి భయపడి, వ్రతము తప్పుటచేతనే ఇట్లయ్యెనని తలచి, ఆ శ్రావణమున మేళతాళములతో పూజ చేసెను. అయితే దీపములు పదియే పెట్టెను. మోడు అతిథుల కంటబడకుండ దానిపై చాప కప్పించెను. మొదటి తాంబూలము ఏడుగురు కొడుకుల తల్లియగు గ్రామాధికారి భార్యకిచ్చెను. ఆ నెలలోనే గాలివాన వచ్చి కొబ్బరిచెట్లు కూలెను. నీడ పోయి జాజిచెట్ల ఆకులు ఎండకు మాడెను.

ఒక మిట్టమధ్యాహ్నము కొండదిక్కునుండి ఒక ముసలమ్మ వచ్చి దాహమడిగెను. పేరిందేవి మజ్జిగ తెచ్చునంతలో ఆమె తోట కలయజూచి, "చెట్లు బాగానే ఉన్నాయి గానీ, పోతుచెట్టేదే అమ్మాయ్?" అనెను.

"పోతుచెట్టేమిటవ్వా?"

"తాటిలో పోతుతాడు లేదూ? జాజిలోనూ అంతే. పోతుది కాయదు. అది పూస్తేనే తక్కినవి కాస్తాయి. పదింటికీ ఒక్కటుంటే చాలు. గుత్తులుగా పూసేది ఇక్కడ ఏదీ లేదా?"

పేరిందేవి చేతిలోని చెంబు జారి మజ్జిగ నేలపాలయ్యెను. మోడువైపు వ్రేలు చూపెను. ముసలమ్మ చాప తొలగించి చూచి, "పదిమంది పుస్తెలు తెంపేశావు గదే తల్లీ!" అనెను. ఆ మాటకు పేరిందేవి మోడుమీద బడి, నేలకు తల బాదుకొనుచు, "గొడ్డుదన్నాను! చెట్టునీ అన్నాను, మాణిక్యాన్నీ అన్నాను!" అని ఏడ్చెను. తేరుకొని చూచునప్పటికి ముసలమ్మ లేదు. ఆమెను చూచితిమని ఊర ఎవరును చెప్పలేదు.

పేరిందేవి ఆ ఎండలోనే, చెప్పులైన తొడుగక, ఏరు దాటి మాణిక్యాంబ పుట్టింటికి పోయెను. పెరటిలో ఆరు జాజిమొక్కలు నడుమెత్తున నిలిచియుండెను. నీళ్లు పోయుచున్న మాణిక్యాంబ ఆమెను చూచి విస్తుపోయెను.

"తిట్టవే మాణిక్యం. కడుపునిండా తిట్టు."

"తిడితే చెట్టు లేస్తుందా అక్కా? కాళ్లు కడుక్కుని లోపలికి రా."

జరిగినదంతయు విని మాణిక్యాంబ, "మొక్కలు తీసుకుపో. వీటిలో పోతుదేదో, కాసే పెంటిదేదో పూసేదాకా ఎవరికీ తెలీదు. తెలీకుండానే అన్నిటికీ నీళ్లు పోస్తావా?" అని అడిగెను. "పోస్తాను. నువ్వూ రా" అని పేరిందేవి ఆమె చేయి పట్టుకొనెను. మాణిక్యాంబ మొక్కలను వేరుమట్టితో త్రవ్వి గంపకెత్తి, భర్తతో కూడ కదలెను.

మరుసటి శ్రావణమున పేరిందేవి పది చెట్లకును, మోడునకును, ఆరు మొక్కలకును దీపములు పెట్టి, మొదటి తాంబూలము మాణిక్యాంబకిచ్చెను. కొబ్బరాకు పందిరి వేసి ఎండ కాచెను. ఆకుఎరువు వేసి, వేళ్లకడ నీరు నిలువకుండ కాలువ తీసెను. ఒక మొక్క చచ్చినప్పుడు బిడ్డ పోయినట్లు ఏడ్చెను. ఇట్లు మూడేండ్లు గడచెను.

నాలుగవ యేట ఒకనాటి ఉదయమున తోటలోనుండి పేరిందేవి కేక వినబడెను. పాము కరచెనేమోయని అందరును పరుగెత్తిరి. ఆమె ఒక పడుచుచెట్టును కౌగిలించుకొని, కన్నీళ్లు కారుచుండగా నవ్వుచు, "గుత్తులు చూడండి! ఇది కాయదు! ఇది కాయనే కాయదు!" అని అరచుచుండెను. కొడుకులు తల్లికి మతి చెడినదని నిశ్చేష్టులైరి. మాణిక్యాంబ ఒక్కతెయే చెంతకు పోయి ఆమె తల నిమిరెను.

మరుసటి యేట పది చెట్లును కొమ్మలు వంగునట్లు కాచెను. పడవలు మరల రేవున ఆగెను. కామిశెట్టి లేచి కొట్టు తెరచెను. మాణిక్యాంబకు కడుపు పండలేదు. ఆ మాట ఆ ఇంట ఎవరును మరల ఎత్తలేదు.

కావున ధూమ్రకేశా, తోట గలవారు, తోట లేనివారు, మాట తూలి నాలుక కరచుకొనినవారు, తూలిన మాట పడినవారు, అందరును ఈ వ్రతము చేయవచ్చును. కాయని చెట్టునకు ఇనుము తగిలింపరాదు. కాసినదానికిని కాయనిదానికిని దీపము సమముగా పెట్టవలెను. జాజికాయతో మొదటి తాంబూలము పిలుపందని స్త్రీకి, పీట వేసి కూర్చుండబెట్టి ఈయవలెను. అట్లు చేసినవారి చెట్లు నిలుచును, ఇండ్లు నిలుచును, విడిపోయినవారు గడప తొక్కుదురు.

అక్షతలు గౌరి పాదములకడ ఉంచి, మిగిలినవి మొదట మీ ఇంట ఎవరి తలపై వేయుట మరచితిరో వారి తలపై వేయుడు.