మెడపట్టు

"ఎందుకు గురూగారూ ఇంత పట్టింపు? మెడ పట్టుకుంటే అవతలివాళ్ళకో పాయింటిచ్చేస్తే పోదా? మనిషిని బయట కూర్చోబెట్టాలా?" అని దాలినాయుడు ఆ పొద్దున అడిగాడు. కబడ్డీ నేర్పే గవరయ్య మాస్టారిని అలా నిలదీసే దమ్ము వాడొక్కడికే ఉంది. ఎందుకుండదు! కూతకొచ్చినవాడి మెడకు మోచెయ్యి మెలేసి పడగొట్టడంలో వాడి తర్వాతే ఎవరైనా. మాస్టారు ఎప్పట్లాగే విజిలు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

సాయంత్రం పక్క ఊరితో పోటీ. విజిలు గవరయ్యగారి చేతిలో ఉంటే అవతలి ఊరివాళ్ళు కూడా కిక్కురుమనరు. అటువైపు నుంచి లోవరాజు కూతకొచ్చాడు. తిరిగి గీత అందుకునేలోపే దాలినాయుడు వాడి మెడ అందుకున్నాడు. ఇద్దరూ కూలారు. దాలినాయుడు మీసం దువ్వుకుంటూ లేచాడు. లోవరాజు లేవలేదు.

"ఎవరూ ఎత్తకండి!" అంటూ మాస్టారు పరుగెత్తుకొచ్చారు. "నాయుడూ, నువ్వు ఆటలోంచి బయటికి. ఇలా రా. ఈ తల రెండు చేతులా పట్టుకో. డాక్టరొచ్చేదాకా ఇసుమంత కూడా కదలకూడదు."

ఆయన పద్ధతే అంత. దెబ్బకొట్టినవాడు తనవాళ్ళ దగ్గరికి పోయి కూర్చోవడానికి వీల్లేదు, దెబ్బతిన్నవాడి దగ్గరే ఉండాలి.

ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్న దాలినాయుడికి పై ప్రాణాలు పైనే పోయాయి. "కాలు కదపరా అబ్బాయ్" అన్నారు మాస్టారు, లోవరాజుతో. కదల్లేదు. లోవరాజు తల్లి గుంపును తోసుకొచ్చి కొడుకు పాదాలు పట్టుకుంది. ఆమె ఏడుస్తుంటే దాలినాయుడు తలెత్తలేకపోయాడు. ఎంతమంది దేవుళ్ళకు మొక్కాడో వాడికే తెలియదు.

అంతలో లోవరాజు బొటనవేలు కదిలింది. ఆ తర్వాత నోరూ కదిలింది.

"ఓరి నాయనా, నీ చెమట నా కంట్లో పడుతోందిరా!"

అది చెమట కాదని దాలినాయుడు చెప్పలేదు.

డాక్టరమ్మ వచ్చి చూసి, నరం పట్టిందంతే, ప్రమాదమేమీ లేదంది. హమ్మయ్య! మైదానమంతా ఊపిరి పీల్చుకుంది. లోవరాజును గట్టున పడుకోబెట్టి ఆట మళ్ళీ మొదలుపెట్టారు. బయట కూర్చోవాల్సిన గడువు తీరగానే మాస్టారు దాలినాయుణ్ణి లోపలికి పిలిచారు. వాడు లోవరాజు పక్కన కూర్చుని తువ్వాలుతో విసురుతున్నాడు, లేవలేదు.

"వీణ్ణి లేచి నడవనివ్వండి గురూగారూ. అప్పుడొస్తాను."

మాస్టారు విజిలు నోటిదాకా తెచ్చి ఆగారు.

"పొద్దున పాయింటిచ్చేస్తే పోదా అన్నావు కదరా. ఇమ్మంటావా?"