నాలుగో వరస

పాణిగ్రాహి మాస్టారిని ప్రశ్న అడగడమంటే కోరి చిక్కు తెచ్చుకోవడమేనని ఆయన శిష్యులు నవ్వుకునేవారు. జవాబు నోటితో చెప్పరు. చెప్పులేసుకుని "పద" అంటారు, అంతే. ఎక్కడికో చెప్పరు, ఎందుకో అసలే చెప్పరు. ముప్పై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, ఆ మిషన్లకు కాలం చెల్లాక, కంప్యూటరు చేత దాని పనులు దానితోనే చేయించే స్క్రిప్టులు రాయడం సొంతంగా నేర్చుకున్న మనిషాయన. ఉద్దానం ఊళ్ళ మధ్య ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రి ఉంది. అక్కడి డయాలసిస్ విభాగానికి ఆ పని ఊరికే చేసిపెడుతుండేవారు. ఆయన దగ్గర టైపు నేర్చిన ఆఖరి బ్యాచిలోది మృదుల. ఇప్పుడు స్క్రిప్టుల్లోనూ ఆయనకే శిష్యురాలు.

ఆ శనివారం మధ్యాహ్నం మృదులకు మాస్టారి మీద ఒళ్ళు మండింది. ఆసుపత్రిలో పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెడుతున్నారు. పాతదాంట్లోంచి రోగుల కార్డులు బయటికి తీయాలంటే ఒకటే దారి. ఒక్కో పేరు మీద మౌస్ కుడి బటన్ నొక్కితే చిన్న మెనూ తెరుచుకుంటుంది. అందులో నాలుగో వరస 'ఎక్స్‌పోర్ట్'. అది ఎంచుకోవాలి, 'నిజంగానేనా?' అని అడిగితే ఎంటర్ కొట్టాలి. అరవై మందికీ ఇదే తంతు. మృదుల రెండు రోజులు కూర్చుని స్క్రిప్టు రాసింది: రైట్ క్లిక్, కిందికి నాలుగు సార్లు, ఎంటర్, మళ్ళీ ఎంటర్. మూడంటే మూడు నిమిషాల్లో పని ముగిసింది. శభాష్ అంటారనుకుంటే, మాస్టారు స్క్రిప్టు పై నుంచి కింది దాకా చదివి, నాలుగో వరస మీద ఏం రాసి ఉందో ఇది ఎక్కడ చదువుతోందని అడిగారు. చదవక్కర్లేదంది మృదుల. చదవాలి, ప్రతిసారీ చదవాలి, అన్నారాయన.

"కీల వంక చూస్తే వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవారు మీరు. చూడకుండా కొట్టడమే విద్య అన్నారు. ఇప్పుడేమో నా స్క్రిప్టు అడుగడుగునా చూసుకోవాలా మాస్టారూ?"

మాస్టారు కొత్త సాఫ్ట్‌వేర్లోకి ఎంతమంది వచ్చారో చూడమన్నారు. యాభై తొమ్మిది మంది వచ్చారు.

మృదుల మొదట తన లెక్కే తప్పనుకుంది. చీటీ మీద రాసుకున్న అంకె చూసుకుంది, అరవయ్యే. పాతదాంట్లో చూసింది, అక్కడా ఇప్పుడు యాభై తొమ్మిదే. అంటే ఒక పేరు అక్కడా లేదు, ఇక్కడా లేదు. పాతదాంట్లో ఒకసారి తీసేసిన పేరు మళ్ళీ దొరకదు. కాగితం ఫైళ్ళు డాక్టరుగారి బీరువాలో ఉన్నాయి, ఆయన సోమవారం గానీ రారు. మొదలుపెట్టే ముందు పేర్లన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించుకోవాలన్న బుద్ధి పుట్టనందుకు తనను తానే తిట్టుకుంది. మాస్టారు అప్పటికప్పుడు ఇన్‌ఛార్జి ఎస్తేరు సిస్టరుకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పారు. సిస్టర్ యాభై తొమ్మిది పేర్లూ ఓపిగ్గా విని, ఒక్కొక్కరి ముఖమూ తలుచుకుని, తనకైతే అందరూ ఉన్నట్టే ఉందని చెప్పింది.

ఆ మాటతో మృదుల కంగారు ఇంకా పెరిగింది. సిస్టరుకే గుర్తురాని మనిషిని ఇంకెవరు వెతుకుతారు? వారానికి మూడుసార్లు మిషను మీద పడుకుంటే తప్ప బతుకు సాగనివాళ్ళు వాళ్ళు. ఒక పూట తప్పితే ఒళ్ళంతా నీరు చేరుతుంది, ఊపిరి అందదు. ఆదివారం ఆమెకు అన్నం సహించలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడింది, మోగకపోతే ఎందుకు మోగలేదా అని కుదురు లేకుండా తిరిగింది. తల్లి ఏమైందని అడిగితే కసిరింది, కసిరినందుకు ఏడ్చింది.

సోమవారం తెల్లవారగానే మాస్టారు గుమ్మంలోకొచ్చి "పద" అన్నారు.

ఆసుపత్రిలో పది మిషన్లున్నాయి. పొద్దున మొదటి షిఫ్టుకు టెక్నీషియన్ హాల్లో నిలబడి పేర్లు చదువుతాడు, పేరు వినబడిన మనిషి లేచి బరువు చూపించుకుని లోపలికెళ్తాడు. ఆ వేళ కాగితం టెక్నీషియన్ చేతిలోంచి తీసుకుని మాస్టారు మృదులకిచ్చారు. ఈ పూట నువ్వు చదువన్నారు. మృదుల చదవడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరే లేచారు. ఎనిమిది పేర్లయ్యేసరికి బెంచీ మీద ఇద్దరే మిగిలారు. మెడలో తువ్వాలు వేసుకున్న ఒక పెద్దాయన, ఆయన పక్కన ఒక పడుచు పిల్ల. తొమ్మిదో పేరు చదివితే మరుగుదొడ్డి వైపు నుంచి ఒకాయన గబగబా వచ్చాడు. కాగితం మీద ఇంకొక్క పేరే ఉంది. మృదుల కాగితం వంకా బెంచీ వంకా మార్చి మార్చి చూసింది.

ఆమె అవస్థ చూసి పెద్దాయనకే జాలేసింది. "నెమ్మదిగా సదువమ్మా, కంగారేటి. నా పేరు అడుగున ఉంటాది," అన్నాడు.

పదో పేరు కుసుమ. పడుచు పిల్ల లేచింది. రెండు నెలలుగా డయాలసిస్ కోసం శ్రీకాకుళం దాకా తిరుగుతోంది పాపం. నిన్ననే ఇక్కడ చోటు ఖాళీ అయిందని ఫోనుకు కబురొచ్చిందట. కొత్త సాఫ్ట్‌వేర్ ఖాళీ కనబడగానే వరసలో ఉన్నవాళ్ళకు దానంతటదే కబురు పంపేస్తుంది. పెద్దాయన పేరు దాలయ్య. మూడు వారాలు విశాఖపట్నంలో కూతురింట ఉండి, అక్కడే డయాలసిస్ చేయించుకుని, నిన్న ఊరొచ్చాడు. ఎస్తేరు సిస్టర్ ఆయన్ని చూసి నెత్తి కొట్టుకుంది. ఊళ్ళో లేడని ఆయన కార్డు తాత్కాలికంగా ఆపిందీ తనే, మనసులోంచి తీసేసిందీ తనే.

మృదుల ఆయన ముందు నేల మీద చతికిలబడి, తాతా, నీ పేరు నేనే చెరిపేశానని చెప్పేసింది. క్షమించమని ఇంకేదో అనబోయింది.

"అదంతా ఎందుకు తల్లీ," అన్నాడు దాలయ్య. "ఈయేళ మిషను దొరుకుతాదా, దొరకదా? అది సెప్పు."

కుసుమను లేపి పంపేయడానికి ఎవరికి నోరొస్తుంది? తర్వాతి రెండు షిఫ్టుల్లోనూ పదికి పదిమంది ఉన్నారు. చివరికి టెక్నీషియన్, సాయంత్రం డ్యూటీ దిగాక తాను ఇంకో షిఫ్టు ఉండిపోతానన్నాడు. అందాకా ఆగాలి. మృదుల దాలయ్య పక్కనే కూర్చుంది. మధ్యాహ్నానికి ఆయన పాదాలు ఉబ్బాయి, మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. డాక్టరుగారు రెండుసార్లు వచ్చి ఛాతీకి స్టెతస్కోపు పెట్టి, ముఖం ముడుచుకుని వెళ్ళారు. దాహమైతే ఆయన తడిగుడ్డ పెదాలకద్దుకునేవాడు తప్ప గుక్కెడు నీళ్ళు తాగడానికి లేదు. ఆయన ఎదుట తానెలా తాగుతుందని మృదుల కూడా తాగలేదు. గోడ గడియారం వంక చూడకూడదనుకుంటూనే నిమిషానికోసారి చూసింది. ఐదున్నరకు ఆయన్ని మిషను మీదికెక్కించారు. గంట గడిచాక ఆయాసం తగ్గింది, ఇక భయం లేదన్నారు డాక్టరుగారు. అప్పుడు గానీ ఆమెకు ఏడుపు రాలేదు.

తర్వాత కంప్యూటరు గదిలోకెళ్ళి, పాత సాఫ్ట్‌వేర్లో ఉత్తుత్తి పేరొకటి ఎక్కించి, ఊళ్ళో లేడని ఆపి పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసింది. ఊళ్ళో లేని మనిషికి టైము మార్చే పని ఉండదు కదా, మెనూలో 'టైము మార్చు' అనే మూడో వరస మాయమైంది. కింద ఉన్నవన్నీ ఒక మెట్టు పైకి జరిగాయి. నాలుగో వరసలో 'డిలీట్' ఉంది. నిజంగానేనా అని అది శనివారం కూడా అడిగే ఉంటుంది. ఏం అడుగుతోందో చదవకుండా ఎంటర్ కొట్టమని రాసింది తనే.

మృదుల స్క్రిప్టు మళ్ళీ మొదటి నుంచి రాసింది. మెనూ తెరవాలి, ప్రతి వరసా చదవాలి, 'ఎక్స్‌పోర్ట్' అన్న మాట ఉంటేనే దాని మీద నొక్కాలి. అక్కడిదాకా వచ్చి ఆగింది. మాస్టారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు, అద్దంలోంచి దాలయ్య మంచం కనబడుతోంది.

ఆ మాట మెనూలో లేకపోతే ఏం చెయ్యమని రాయాలని అడిగింది మృదుల. ఆ పేరు వదిలేసి తర్వాతి పేరుకు వెళ్ళిపొమ్మననా అంది.

మాస్టారు ఈసారి చెప్పుల కోసం చూడలేదు.

"ఆగమను," అన్నారు. "ఆగి, ఆ మనిషి పేరు నాకు చెప్పమను."