ఉమ్ము సీసా

కిరీటికి ఆ గూడెంలో ఒక్క సీసా కూడా నిండలేదు.

కోయ కుటుంబాల్లో తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే ఒక నెత్తుటి జబ్బు మీద అతని పరిశోధన. మనిషి ఉమ్మును చిన్న సీసాలో పట్టి పట్నం చేరిస్తే, ఆ జబ్బు జాడ అక్కడి మిషన్లు చెబుతాయి. చుట్టుపక్కల గూడేలన్నీ అయిపోయాయి. ఇదొక్కటే మిగిలింది. ఇది లేకపోతే ఇన్నేళ్ల చదువూ ఏట్లో కలిసినట్టే.

పొద్దుటి నుంచీ ఇంటింటికీ తిరిగాడు. ఎవరూ నోరు తెరవలేదు. చివరికి సోడె జోగమ్మ అనే ముసలామె, వాకిట్లో ఇప్పపూలు చెరుగుతూ అడిగింది.

"మా ఎంగిలి నీకెందుకు సారూ?"

"చెప్పినా నీకర్థం కాదులే అవ్వా. ఉమ్ము, చాలు."

ఆమె చేట కింద పెట్టింది.

"ఇంతకు ముందు ఒకాయన వచ్చి నెత్తురు పట్టుకుపోయాడు. మా మనవడికి ఏం రోగమో కబురు చేస్తానన్నాడు. కబురు రాలేదు. పిల్లాడు పోయాడు."

"అది మేం కాదు."

"సీసా మాత్రం ఇదే."

కిరీటి విసవిసా జీపు దగ్గరికి వచ్చాడు. అతని గురువు, ఆచార్య దైవాదీనంగారు, ఆ మాటలన్నీ వినబడేంత దగ్గర్లో రాతి మీద కూర్చుని ఉన్నారు. ఆ కొండల్లో తిరిగి తిరిగి జుట్టు నెరిసిన మనిషి.

"వీళ్ల మేలుకే కదా సార్ చేసేది! మొద్దులు. పై ఆఫీసు నుంచి ఒక్క మాట చెప్పిస్తే వాళ్లే వరుసలో నిలబడతారు."

దైవాదీనంగారి మొహం కందగడ్డయింది. ఆయన కోపం మాటల్లోకి రాదు. లేచి పెట్టెలోంచి ఒక సీసా తీశారు. శిష్యుణ్ని రెక్క పట్టుకుని జోగమ్మ వాకిట్లోకి నడిపించారు.

"ఇందులో ఉమ్ము."

"నాదెందుకు సార్?"

"ఉమ్ము."

గూడెం పోగైంది. కిరీటికి ఎంతకీ ఉమ్ము రాలేదు.

"పాపం, సారు నోరెండిపోయింది. నీళ్లియ్యండే" అందొక పడుచు. అందరూ నవ్వారు.

ఎలాగో అయిందనిపించాడు. దైవాదీనంగారు మూత బిగించి, దాని మీద కిరీటి పేరూ, తండ్రి పేరూ, ఊరూ రాశారు. సీసా జోగమ్మ చేతిలో పెట్టారు.

"ఇది నీ దగ్గరుంచుకో అవ్వా."

ఆమె దాన్ని ఎండకెత్తి చూసింది. కొంగున ముడేసుకుని అడవి దారి పట్టింది.

"అదెక్కడికి సార్ పట్టుకుపోతోంది?"

దైవాదీనంగారు జీపు వైపు నడిచారు.

"మంత్రగాడి దగ్గరికేమో" అంది ఇందాకటి పడుచే.

కిరీటి సైన్సు చదివినవాడు. అయినా మొహం పాలిపోయింది. నాలుగు అంగల్లో ఆమెకు అడ్డం వెళ్లాడు.

"నాది నాకిచ్చెయ్. దాన్నేం చేస్తావు?"

జోగమ్మ అతని కళ్లలోకి చూసింది.

"చెప్పినా నీకర్థం కాదులే సారూ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కిరీటి తలొంచుకుని వెనక్కి తిరిగాడు. దైవాదీనంగారు అప్పటికే జీపు తాళం జేబులో వేసుకుని, జోగమ్మ గుమ్మం ముందు నేల మీద కూర్చున్నారు.

"సార్, ఇప్పుడేం చెయ్యాలి?"

"అవ్వ వచ్చాక, పోయిన ఆ పిల్లాడి పేరేమిటో అడుగు."