టేకు నారుకు విస్తరి భోజనం

గున్నమ్మ ఇంటివాళ్ళకు తమంత తెలివైనవాళ్ళు ఆ చుట్టుపక్కల మరొకరు లేరని గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం కూడా ఉంది. వానాకాలంలో ఇల్లు కురిస్తే అందరూ కప్పు నేయించుకున్నారు. వీళ్ళు మాత్రం బయటికి వచ్చి నిలబడి, ఇంట్లో తడిసే బాధ తప్పించుకున్నారు. గున్నమ్మ, ఆమె భర్త కన్నంనాయుడు, మరిది లోకనాథం. మనుషులు ముగ్గురే, సలహాలు మాత్రం ముప్ఫయి మందికి సరిపోయేవి.

అటువంటి ఇంటికి నర్సరీ అధికారిణి దమయంతి గారు వెయ్యి టేకు మొక్కల నారుమళ్ళు అప్పగించారు. నారు ఏపుగా ఎదిగితే నర్సరీ గున్నమ్మ పేరిట రాస్తారు. లేకుంటే మరొకరి పాలవుతుంది. బుద్ధెరిగిన నాటినుంచి తన పేరిట ఒక పాలచెంబైనా లేని గున్నమ్మకు ఆ నర్సరీయే ప్రాణమయింది.

దమయంతి గారు ఓపికగా వివరించారు. మొక్క పచ్చగా ఎదగడానికి నత్రజని కావాలి. అది అమ్మోనియం రూపంలోనూ ఉంటుంది, నైట్రేటు రూపంలోనూ ఉంటుంది. వేళ్ళు దేన్ని ఇష్టంగా తీసుకుంటాయో వేసి చూస్తేగాని తెలియదు. ఒక్కో రకానికి ఒక్కో సంచీ ఇచ్చి, "చిటికెడు చిటికెడు పెట్టి చూడండి. ఏది కావాలో మొక్కే చెబుతుందమ్మా" అని వెళ్ళిపోయారు.

అంతే. గున్నమ్మ మడి ముందు పీట వేసుకుని కూర్చుంది. పొద్దు వాలేదాకా ఒక్క మొక్కా నోరు విప్పలేదు. పరాయి ఇంట మొహమాటపడుతున్నాయేమో అని ఆమె జాలిపడింది. తినేవాళ్ళను అడగకూడదు, వడ్డించాలి అన్నాడు కన్నంనాయుడు. ఇంకేముంది, మోదుగాకు విస్తళ్ళు కుట్టారు. మొక్కకొక విస్తరి. కుడివైపున అమ్మోనియం, ఎడమవైపున నైట్రేటు. మొక్కలు సిగ్గుపడతాయని ముగ్గురూ అటు తిరిగి నిలబడ్డారు.

తెల్లవారేసరికి గాలిలోని చెమ్మకు నైట్రేటు గుళికలు కరిగి, విస్తరి కుట్ల సందుల్లోంచి జారిపోయాయి. "ఎడమ పక్కది ఊడ్చిపెట్టేశాయి వదినా" అన్నాడు లోకనాథం. గున్నమ్మ కళ్ళు చెమర్చాయి. ఇంత ఇష్టంగా తినేవాళ్ళకు చిటికెడు పెట్టడం ఏ ఇంటి మర్యాద? మారు వడ్డించారు. అదీ కరిగింది. దోసిళ్ళతో వడ్డించారు. నాలుగోనాటికి ఆకుల అంచులు మాడిపోయాయి.

అజీర్తి అని తేల్చాడు కన్నంనాయుడు. వాము కషాయం కాచి, చల్లారితే గుణం పోతుందని పొగలు కక్కుతుండగానే పోశారు. సగం నారు ఆ పూటే తల వాల్చేసింది.

అప్పుడు గున్నమ్మ నిజంగా భయపడింది. నర్సరీ చేజారిపోతుందని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. లోకనాథం గడ్డం గోక్కుని, మేడమ్ గారు మొక్కలు వేళ్ళతో తింటాయన్నారు కదా అని గుర్తుచేశాడు. "నోరు మట్టిలో పూడ్చి విస్తరి పైన వేశాం. అలా పెడితే నువ్వు తినగలవా వదినా?"

ఇంకేముంది, విస్తరి వేసిన మొక్కలన్నిటినీ పెరికి, తలకిందులుగా నాటి, వేళ్ళ మీద ఎరువు చల్లారు. ఎండకు కమిలిపోకుండా వేళ్ళకు తడిగుడ్డతో తలపాగాలు కూడా చుట్టారు.

దమయంతి గారు వచ్చి ఆ తలపాగాల బారులో ఒకటి విప్పి చూసి, మళ్ళీ చుట్టేశారు. గేటు పక్కన మాత్రం ఒక మడి పచ్చగా నవనవలాడుతోంది. దానికేం చేశారని అడిగారు.

"తప్పయిపోయింది మేడమ్ గారూ" అంది గున్నమ్మ తల వంచుకుని. "విస్తళ్ళు చాలక దాన్ని మరిచిపోయాం."

దమయంతి గారు నిట్టూర్చారు. మట్టిలో ఉన్న నత్రజనే వాటికి చాలిందని చెప్పి, కొత్త నారు పంపిస్తానన్నారు. "ఈసారి ఏమీ పెట్టకండి. అన్నిటినీ ఇలాగే మరిచిపోండి. అప్పుడు నర్సరీ మీదే."

అంతే. దమయంతి గారి మనుషులు కొత్త నారు నాటి వెళ్ళగానే ఇంటిల్లిపాదీ దీక్ష పట్టారు. రోజూ పొద్దున్నే మడి ముందు నిలబడి, ఏ మొక్కను మరిచిపోవాలో వేలు చూపించి చెప్పుకున్నారు. ఇలాగైతే గుర్తుండిపోతున్నాయని గేటుకు చాప కట్టారు. చాప చూస్తే గుర్తొస్తున్నాయని దారి మార్చుకున్నారు. ఎవరైనా నారు సంగతి అడిగితే, "ఏ నారు?" అని అమాయకంగా ముఖం పెట్టడం అభ్యసించారు.

వానలు సమయానికి కురిశాయి. ఎవరి చెయ్యీ సోకని నారు జానెడెత్తున లేచింది. దమయంతి గారు కాగితం పట్టుకుని, లారీ వెంటబెట్టుకుని సంతోషంగా వచ్చారు.

"నర్సరీ నీ పేరిట రాయించాను గున్నమ్మా. వేలిముద్ర వెయ్యి, మొక్కలు లారీకి ఎక్కిద్దాం."

గున్నమ్మకు నవ్వు పెదవిదాకా వచ్చింది. కానీ ఇది పరీక్ష అని గ్రహించి బిగబట్టుకుంది.

"ఏ మొక్కలు మేడమ్ గారూ?" అంది.

"ఏ నర్సరీ?" అన్నాడు కన్నంనాయుడు.

లోకనాథం ఇద్దరినీ మించిపోవాలనుకున్నాడు. కాగితం మీది పేరు తేరిపార చూసి, వదినను ఎగాదిగా చూసి, "ఏ గున్నమ్మ?" అన్నాడు.

గున్నమ్మ అతని తెలివికి మురిసిపోయి, ఆ పేరు గలవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరని దమయంతి గారికి ఎంతో వినయంగా చెప్పి, తలుపు వేసుకుంది.